పిడికెడు బియ్యం, బి.కాం. సీటు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి కొత్త కోశాధికారి షారన్ నాతోపాటే ఇంటిదాకా నడిచి వచ్చింది. ముప్పై నిండని పిల్ల, ఐటీ కంపెనీలో పని, సంఘం లెక్కలన్నీ ఫోన్‌లోనే చూస్తుంది. టీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టింది. "ఆంటీ, ఈ ఇయర్ కాలేజీ పిల్లలకిచ్చే ఫీజు సాయం డైరెక్టుగా అకౌంట్లల్ల వేసేద్దామనుకుంటున్న. పేరు చదువుడు, ముందుకు పిలుసుడు, కవరిచ్చుడు, అదంతా బంద్. పెద్దోళ్ళేమో పేర్లు చదవాల్సిందే అంటున్నరు. మీరు చిన్నప్పుడు ఆ కవరు తీసుకున్నోళ్ళే కదా, మీరేమంటరు?" ఆలోచించి చెప్తానన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది గానీ నేను ఆ కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు. ఆలోచించడానికి ఏముంది, అవునో కాదో చెప్తే పోయేది. కానీ ఆ కవరు గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు మా నాన్న గుర్తొస్తాడు, నాన్న గుర్తొస్తే ఆయన చేతుల దగ్గరుండే మైదా జిగురు వాసన గుర్తొస్తుంది, ఇక అక్కణ్ణించి బయటపడటం నా వల్ల కాదు.

మేము అప్పుడు చిలకలగూడలో ఉండేవాళ్ళం. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. నాన్న పేరు దేవదానం. ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ పని చేసేవాడు. మైదాపిండిలో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసి ఉడికించే జిగురు వాసన ఆయన చొక్కాకీ తువ్వాలుకీ, చివరికి మా బైబిలు అట్టకీ కూడా పట్టేసింది. స్కూళ్ళు తెరిచే రోజులొస్తే ప్రెస్సులో పని తెమిలేది కాదు, పుస్తకాలుగా కుట్టాల్సిన అచ్చు ఫారాలు ఇంటికి తెచ్చేవాడు. అన్నం తిన్నాక నేనూ అమ్మా చాప మీద కూచుని వాటిని మడతలు పెట్టేవాళ్ళం. మడత వంకర పోతే నాన్న తిట్టేవాడు కాదు, ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వంకర చూపుతో చదువుతున్నట్టు నటించేవాడు. మనిషి సరదా మనిషి. ఒక్క పరువు విషయంలో తప్ప. ఇస్త్రీ లేని చొక్కాతో చర్చికి వెళ్ళేవాడు కాదు. చెప్పు తెగితే సరిచేయించుకునేదాకా ఆ వారం ఆరాధనకే ఎగనామం పెట్టేవాడు. అమ్మది గుంటూరు వైపు. పెళ్ళయి సికింద్రాబాదు వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె మాట మారలేదు, ఆయన మాటా మారలేదు. ఒకే ఇంట్లో రెండు తెలుగులు వింటూ పెరిగాను నేను.

రోజూ పొద్దున అమ్మ బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన మూతున్న డబ్బాలో వేసేది. దాన్నే పిడికెడు బియ్యం అంటారు. మా సంఘంలో ఆడవాళ్ళందరూ చేసే పనే ఇది. వండే ప్రతిసారీ ఒక పిడికెడు దేవుడికి. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజుల్లో కూడా అమ్మ ఆ పిడికిలి చిన్నది చేసేది కాదు. ఆదివారం నాడు ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకుని వెళ్ళి చర్చి గుమ్మం దగ్గర గంపలో కుమ్మరించేవాళ్ళు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం, నూకలు, అన్నీ ఒకే గంపలో. ఆరాధన అయ్యాక ఆ గంపను వరండాలో పెట్టి వేలం పాట పాడేవాళ్ళు. వచ్చిన డబ్బు స్త్రీల సమాజం దగ్గర ఉండేది. దానితో కొందరు విధవరాళ్ళకు మందులు, ఏటా ఒకరిద్దరు పిల్లలకు కాలేజీ ఫీజు. ఫీజు ఇచ్చే ఆదివారం నాడు పాస్టరు అయ్యగారు పీఠం మీద నుంచి పేరు చదివేవారు, పిల్లా తల్లిదండ్రులూ ముందుకు నడిచి వెళ్ళి కవరు అందుకునేవాళ్ళు. సంఘమంతా చప్పట్లు కొట్టేది.

అన్ని రకాలూ కలిసిన బియ్యం ఎవరికి కావాలి? పండగల్లో భక్తికొద్దీ పాట పెంచేవారు గానీ మామూలు ఆదివారాల్లో గంప వైపు ఎవరూ చూసేవారు కాదు. అందుకని చవగ్గా వచ్చేది, అందుకనే ఎక్కువసార్లు మా అమ్మే పాడుకునేది. అంటే వారమంతా పిడికెడు పిడికెడు ఇచ్చి, ఆదివారం గంపంతా ఇంటికి తెచ్చుకునేది. ఆ బియ్యం వండటం ఒక విద్య. ఒక రకం ఉడికేసరికి ఇంకో రకం గంజయిపోతుంది. అమ్మ ముందు చెరిగి నూకలు తీసి, గంటసేపు నానబెట్టి, ఎసరు ఎక్కువ పెట్టి, సరిగ్గా ఏ క్షణానో తనకే తెలిసినట్టు వార్చేసేది. అయినా పళ్ళెంలో నాలుగు మెత్తటి మెతుకుల మధ్య ఒక గట్టి మెతుకు తగిలేది. అది తగలగానే నాన్న, "ఇది పరంజ్యోతి ఇంటి బియ్యం. ఎంత ఉడకబెట్టినా మెత్తబడది" అనేవాడు. అమ్మ, "అన్నం ముందు ఆ మాటలేంటండీ" అని కసురుకుంటూనే నవ్వేది.

పరంజ్యోతి మామ అప్పటి మా చర్చి కోశాధికారి. రైల్వేలో గుమాస్తా. ఆయనా నాన్నా చిన్నప్పుడు ఒకే బడి, ఒకే సండే స్కూలు. ఒకాయనకు ప్రభుత్వోద్యోగం వచ్చింది, ఒకాయనకు జిగురు డబ్బా వచ్చింది. పైకి అన్నా అంటే అన్నా అనుకునేవాళ్ళు. లోపల మాత్రం చిన్నప్పటి పరుగు పందెం ఇంకా నడుస్తూనే ఉండేది. పరంజ్యోతి మామ కొత్త గడియారం పెట్టుకొస్తే ఆ వారమంతా మా ఇంట్లో గడియారాల మన్నిక మీద చర్చ జరిగేది.

నాకు ఇంటర్లో మంచి మార్కులొచ్చాయి. ఆడపిల్లల కాలేజీలో బి.కాం. సీటు వచ్చింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కబోయే మొదటి మనిషిని నేనే. ఫీజు సంగతి అడగ్గానే నాన్న గోడ మీది క్యాలెండర్ చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు మా సంగతి తన చేతుల్లోకి తీసుకున్నది సత్యవేదమ్మ టీచరు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిగా ఉండేది. ఎండాకాలంలో కూడా నల్ల గొడుగు, చంకలో సంచి, అందులో సీసా నీళ్ళు, మరమరాల పొట్లం. "సాయం వెతుక్కోవడం కూడా ఒక చదువే కరుణా. సిగ్గుపడితే ఫస్టు పేపరులోనే ఫెయిలవుతావు. అడగందే అమ్మైనా పెట్టదు" అని నన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిప్పింది. కాలేజీ లైబ్రరీలో బీద పిల్లలకు ఏడాదంతా ఉంచుకోమని పుస్తకాలిచ్చే బుక్ బ్యాంకు ఉంటుందని ఆమె చెప్తేనే తెలిసింది. జనరల్ బజార్‌లో ఒక మార్వాడీ సేఠ్ జూన్ నెలలో పిల్లలకు నోటు పుస్తకాలు పంచుతాడని, మధ్యాహ్నం భోజనం చేశాక అడిగితే కాదనడని కూడా ఆమే చెప్పింది. ఆయన నిజంగానే కాదనలేదు, పైగా మజ్జిగ ఇప్పించాడు. పెద్ద సాయం మాత్రం సర్కారు స్కాలర్‌షిప్. దానికి ఆదాయ ధ్రువపత్రం ఒక్కటి తెస్తే చాలు, మూడేళ్ళూ ఫీజు బెంగ లేదంది. నాన్న జీతానికి అది రాకపోవడమనేది ఉండదంది. నేను ఆ రాత్రి ఏ రంగు రిబ్బన్లు వేసుకెళ్ళాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

ఎమ్మార్వో ఆఫీసుకు నాన్న ఒక్కడే వెళ్ళాడు. సగం రోజు సెలవు పెట్టి, చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని బయల్దేరాడు. అడగబోయేది పేదవాడినని రాసిమ్మని, వేసుకున్నది పెళ్ళికొడుకు వేషం. అక్కడ వరస పెద్దదట. తీరా తన వంతు వచ్చేసరికి వెనకాల నిలబడ్డది ఎవరో కాదు, పరంజ్యోతి మామ. వాళ్ళబ్బాయికి ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చాడు. కిటికీలో గుమాస్తా తలెత్తకుండానే వీధంతా వినిపించేలా అడిగాడట, నెలకెంత వస్తదయ్యా అని. వెనకాల పరంజ్యోతి మామ మెడ సాచాడు. మా నాన్న నోట్లోంచి వచ్చిన అంకె తన అసలు జీతానికి రెండింతలు. గుమాస్తా రాసుకున్నాడు, ముద్ర కొట్టాడు. అసలు అంకె చెప్పుంటే నమ్మక పదిసార్లు తిప్పేవాళ్ళు, ఎక్కువ చెప్తే ఒక్కసారికే ఇచ్చేశారు. నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, పనైపోయిందన్నాడు. ఆ మాట అబద్ధం కాదు.

కాగితం చూసిన సత్యవేదమ్మ టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "దేవదానం, ఈ లెక్కన నీకంటే నా పెన్షనే తక్కువ కదయ్యా. ఈ కాగితానికి స్కాలర్‌షిప్ రాదు" అంది. అప్పుడు గానీ నాన్న జరిగింది చెప్పలేదు. చెప్తున్నంతసేపూ చాప మీద ఎండిన జిగురు మరక గోరుతో గీకుతూనే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక్క అంకె, ఒక్కసారి నిజం చెప్తే నేను కాలేజీకి వెళ్ళేదాన్ని. పరంజ్యోతి మామ మెడ సాచితే నా చదువు ఆగిపోవడమేంటని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆదివారం వచ్చేసరికి ఆ అబద్ధం పిల్లలు పెట్టింది. చర్చి గుమ్మంలోనే పరంజ్యోతి మామ నాన్న భుజం మీద చెయ్యి వేసి, నలుగురిలో, "జీతం మంచిగనే పెరిగినట్టుంది అన్నా, నాకు సుత చెప్పకపోతివి. దేవుని దశమభాగం జెర యాది పెట్టుకో మరి" అన్నాడు. సంపాదనలో పదో వంతు చర్చికి ఇవ్వాలి కదా, పెరిగిన జీతానికి పెరిగిన భాగం. నాన్న అలాగేనన్నట్టు తలూపాడు. సంఘమంతటికీ మేము ఉన్నవాళ్ళమైపోయాం. ఇంటికొచ్చాక అమ్మ ఒకే మాట అంది. "తాను దూర సందు లేదు, మెడకో డోలు." ఆ మాటతో ఊరుకోలేదు, సాయంత్రం మెల్లగా కదిపింది కూడా. "సమాజం డబ్బు ఉంది కదండీ, నేను అడుగుతాను. ఇన్నేళ్ళు పిడికెడు వేశాను. అందులో మన పిల్లకీ భాగముంటుంది." నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఏమని అడుగుతవ్? గంత జీతమొచ్చేటోనికి పైసలెందుకని పరంజ్యోతి అడగడా? సర్టిఫికెట్ మార్చుమంటే ఆఫీసోళ్ళు నా జీతమెరిగిన పెద్దమనుషులు ఇద్దరు సంతకం పెట్టాలంటున్నరు. ఎవల్ని పిలుస్త? పిలిస్తే నా అబద్ధం బయటపడ్తది." రెండు తలుపులున్నాయి, రెండింటికీ ఆయన చేత్తోనే తాళం వేసుకున్నాడు. కాలేజీ ఫీజు గడువు మూడు వారాలు కూడా లేదు. ఆ వారమంతా మా ఇంట్లో గట్టి మెతుకు తగిలినా ఎవరూ ఏమీ అనలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా నాన్న ప్రెస్సుకూ ఇంటికీ తిరిగాడు. నాతో మాట్లాడబోయి, మంచినీళ్ళడిగి వెళ్ళిపోయేవాడు. సత్యవేదమ్మ టీచరు సంఘానికి తను చెప్పనా అంటే వద్దన్నాడు. "నేను కట్టిన ముడి, నేనే ఇప్పుత" అన్నాడు. ఎలాగో ఆయనకూ తెలిసినట్టు లేదు.

మా ఆరాధనలో కీర్తనలకూ ప్రసంగానికీ మధ్య సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరికి దేవుడు చేసిన మేలు వాళ్ళు లేచి చెప్తారు. ఫలానావాళ్ళ జ్వరం తగ్గింది, ఫలానావాళ్ళబ్బాయి పాసయ్యాడు, ఇలాంటివి. నాన్న జన్మలో ఎప్పుడూ లేవలేదు. ఆ ఆదివారం లేచాడు. ఇస్త్రీ చొక్కా కాదు, ప్రెస్సుకు వేసుకెళ్ళే చొక్కా. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సంఘానికి వందనాలు" అన్నాడు. "నాకు సాక్ష్యం చెప్పుడు రాదు. నాకు జబ్బు తగ్గింది లేదు, జీతం పెరిగింది లేదు. నేను సర్కారు ఆఫీసుల అబద్ధం చెప్పిన." తన అసలు జీతం ఎంతో అంకెతో సహా చెప్పాడు. "గంతే. మిగిలింది నా నోటికొచ్చింది గానీ నా చేతికి రాలే. ఎనక పరంజ్యోతి అన్న ఉన్నడు, తక్కువ చెప్పనీకి నాకు నామోషీ అయింది. దాంతోని నా బిడ్డ కాలేజీ ఆగెటట్టుంది. సంతకం పెట్టేటోళ్ళు ఇద్దరు కావాలె. బియ్యం పైసలు సుత కావాలె. అడుగుతున్న." కూచున్నాడు.

ఇలాంటి సాక్ష్యానికి ఆమేన్ అనాలో వద్దో అయ్యగారికి కూడా తోచలేదు. వెనక బెంచీలో ఎవరో ముసలమ్మ అలవాటు కొద్దీ "స్తోత్రం" అంది. అప్పుడు పరంజ్యోతి మామ లేచాడు. "ఏందన్నా గిట్ల జేస్తివి" అన్నాడు. "నీ జీతం ఇన్నకాడికెల్లి నాకు నిద్ర పడ్తలేదు! రైల్వేలో ఇన్నేండ్లు చేసి ఏం సాధించిన్నని మా ఆమెను ఒకటే పరేషాన్ చేస్తున్న." నవ్వు ఒక మూల మొదలై చర్చంతా పాకింది. అయ్యగారు పెదాలు బిగబట్టి బైబిలు వైపు వంగారు. నాన్న కూడా నవ్వాడు, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు లీవ్ పెడ్త. టీచరమ్మ ఒక సంతకం, నాదొక సంతకం. ఇద్దరం కలిసే పోదాం పా" అని కూచున్నాడు పరంజ్యోతి మామ. అప్పటిదాకా ఆ మనిషిని గట్టి మెతుకుగానే ఎరిగినదాన్ని, ఆ క్షణంలో వెళ్ళి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ రోజు వరండాలో వేలం మొదలైతే అమ్మ ఎప్పటిలాగే సంచి పట్టుకుని ముందు నిలబడి, ఎప్పటి ధరకే పాడింది. ఎవరో పైన పాడారు. ఆ పైన ఇంకొకరు. ఈ డబ్బు ఎవరికి వెళ్తుందో అందరికీ తెలుసు. సత్యవేదమ్మ టీచరు గొడుగెత్తి పాట పెంచింది, పరంజ్యోతి మామ దానిమీద పెంచాడు. అన్ని రకాలూ కలిసిన ఆ గంపెడు బియ్యం బాస్మతి ధరను దాటిపోయింది. అమ్మకు దక్కలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, ఆనందపడాలో, రేపటి బియ్యం గురించి దిగులుపడాలో తెలియని మొహంతో నన్ను చూసింది. దారిలో కొట్టు తీయించి బియ్యం కొన్నాం. అన్ని మెతుకులూ ఒకేలా ఉడికాయి. నాన్న రెండు ముద్దలు తిని, "ఏం రుచి లేదే" అన్నాడు.

ఆ పై ఆదివారం అయ్యగారు నా పేరు చదివారు. ముగ్గురం ముందుకు నడిచాం. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు గనక నాన్న ఎంతో తేలిగ్గా నడిచాడు. నేనే అమ్మ వెనక దాక్కుంటూ నడిచాను. చప్పట్లు వింటుంటే సంతోషమూ, నేల చీలితే బాగుండుననే సిగ్గూ రెండూ కలిసి వచ్చాయి. ఆ సిగ్గు అబద్ధమని ఇప్పటికీ చెప్పలేను. గడువులోగా ఫీజు కట్టాం. సరిచేసిన కాగితంతో స్కాలర్‌షిప్ కూడా వచ్చింది, తీరిగ్గా, పరీక్షలు దగ్గరపడ్డాక. ఆ ఏడాది నుంచి అమ్మ డబ్బాలో రెండు పిడికిళ్ళు వేసేది.

ఇప్పుడు నేను కాలేజీ లెక్చరరుగా రిటైరై, శనివారాలు చర్చి హాల్లో ఒక బల్ల వేసుకుని కూచుంటాను. బన్సీలాల్‌పేట్ నుంచి, బోయిన్‌పల్లి నుంచి పిల్లలు వస్తారు. అన్ని మతాలవాళ్ళూ వస్తారు. ఇప్పుడు నెలకెంత వస్తుందని వీధంతా వినిపించేలా ఎవరూ అడగరు. అన్నీ వెబ్‌సైటులోనే. అది ఎంత పెద్ద మేలో మా నాన్నకు తెలిసేది. కానీ ఆధార్‌లో ఒక పేరు, మెమోలో ఒక పేరు ఉంటే తెర మీద పెండింగ్ అని పడి ఊరుకుంటుంది, ఎందుకని అడగడానికి కిటికీ ఉండదు, వెనకాల మెడ సాచే పరంజ్యోతి మామా ఉండడు, సెలవు పెట్టి వెంట వచ్చే పరంజ్యోతి మామా ఉండడు. అందుకే ఆ బల్ల. సాయం చేసేవాళ్ళు అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ. ట్రస్టులున్నాయి, కంపెనీలున్నాయి, కాలేజీల్లో పాత విద్యార్థుల నిధులున్నాయి. ఎక్కడ ఏముందో చెప్పి, పద పోదాం అనే మనిషి ఒకరు దొరికితే చాలు, ఈ పిల్లలు మాకంటే వేగంగా దూసుకుపోతారు. పిడికెడు బియ్యం కూడా పోలేదు. చాలామంది ఇప్పుడు గుమ్మం దగ్గర అంటించిన క్యూఆర్ కోడుకే వేస్తున్నారు గానీ, గంప కూడా ఖాళీగా ఉండటం లేదు.

రాత్రి షారన్‌కు ఫోన్ చేసి చెప్పాను. "పేర్లు చదవొద్దమ్మా. ఒక పిల్ల అవసరం పదిమంది ముందు ఊరేగింపు కాకూడదు. అకౌంట్లోనే వెయ్యి. పెద్దవాళ్ళు అడిగితే నా పేరు చెప్పు. కాకపోతే సాక్ష్యాల సమయం మాత్రం తగ్గించనియ్యకు. లేచి చెప్పుకోవాలనుకున్నవాళ్ళను చెప్పుకోనియ్యి." ఆ పిల్ల "సూపర్ ఆంటీ, ఫుల్ సపోర్ట్ అన్నట్టే కదా" అంది. అన్నట్టే అన్నాను.

ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. నాకు ఉద్యోగం వచ్చి మొదటి జీతం అందుకున్న నెల, ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పరంజ్యోతి మామ నాన్నను పట్టుకున్నాడు. అప్పటికి ఇద్దరికీ జుట్టు నెరిసింది. నేను పక్కనే ఉన్నా, ఆయన అడిగింది మాత్రం నాన్ననే. "ఏం దేవదానం, బిడ్డకు ఎంతిస్తున్నరంట?" చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపి చూశారు. గొప్పలు చెప్పుకోవడానికి అంతకంటే మంచి అదను మా నాన్నకు జీవితంలో దొరకలేదు, ఈసారి అబద్ధం కూడా అక్కర్లేదు. ఆయన ఒక్క అడుగు పక్కకు జరిగి నన్ను ముందుకు నిలబెట్టాడు.

"నా జీతమైతే నేను చెప్తా" అన్నాడు. "ఆమెది ఆమెనే అడుగు."

నాకు ఉద్యోగం వచ్చిందని ఆ నిమిషంలోనే నమ్మకం కుదిరింది.